మందమర్రి విద్యుద్రథ విజయము

గోదావరికి ఉత్తరంగా, నేల కింద నల్లబంగారమూ నేల మీద నల్లధూళీ సమృద్ధిగా గలదై, సైరను మోతతో మేల్కొని, సైరను మోతతో అన్నం తిని, సైరను మోతతోనే నిద్రకు ఉపక్రమించే మందమర్రి మహాపురంలో, పంతొమ్మిది వందల తొంభై ఒకటవ సంవత్సరం వైశాఖ శుద్ధ పంచమి నాడు, సూర్యభగవానుడు ఇంకా నడినెత్తికి రాక ఎడమ చెవిని మాత్రమే కాలుస్తున్న శుభసమయంలో, గని క్వార్టర్ల మూడవ వీధి రణరంగంగా జరిగిన ఒక మహాసంగ్రామం కథ ఇది.

ఆ సంగ్రామంలో గానీ, దాని సన్నాహాల్లో గానీ రాజ్యాలేవీ చేతులు మారలేదు. ఒక స్నానాలగది గోడ కూలింది. నాలుగు ప్యాంట్లు వీరస్వర్గం అలంకరించాయి. రెండు కిలోల వడియాలు దిక్కులేని చావు చచ్చాయి. అంతకు మించిన ప్రాణనష్టం లేదు. ఇంత చిన్న యుద్ధానికి ఇంత పెద్ద గొంతు ఎందుకని అడిగేవారికి, చెప్పేవాడి దగ్గర ఉన్నది ఈ గొంతొక్కటే అని జవాబు.

తీగలో ఉండీ కనబడని తల్లీ, ముట్టుకుంటే తప్ప నమ్మించని తల్లీ, విద్యుద్దేవీ, ఈ నాలుక మీద కాసేపు నిలువు. వోల్టేజీ మరీ ఎక్కువ వద్దు.

సంగ్రామ నాయకుడు లింగారావు. వయసు నలభై ఎనిమిది, బరువు తొంభై రెండు కిలోలు, ఉద్యోగం గని దీపాలగది ఇన్‌చార్జి. గనిలోకి దిగే ప్రతి కార్మికుడి టోపీ మీది దీపమూ, దాని కోసం నడుముకు కట్టుకునే బ్యాటరీ డబ్బా కూడా అతని చేతి మీదుగానే పోయేవి. అట్లాంటివి ఎనిమిది వందలు. వాటికి వేళకు చార్జింగు పెట్టి, తగ్గిన నీళ్లు పోసి, తుప్పు గీకి, ఇరవై రెండేళ్లు సంతానంలా సాకిన అష్టశతదీపపాలకుడు, గాఢామ్లశీకరసిక్తకరపల్లవుడు, పాతాళతిమిరవిధ్వంసనవిశారదుడు. ఈ బిరుదులు అతనికి ఎవరూ ఇవ్వలేదు. ఊళ్లో అతన్ని బత్తీల లింగారావు అనేవారు, అతనూ పలికేవాడు.

అన్నదమ్ముల పంపకాల్లో పొలమంతా తమ్ముడికి పోగా, లింగారావు వాటాకు ఒక నీలిరంగు హెరాల్డు కారు వచ్చింది. రెండు తలుపుల బండి. ముందు భాగమంతా మొసలి నోరు తెరిచినట్టు ఒక్కసారిగా పైకి లేచి, లోపలి ఇంజను పళ్లూ దవడలూ చూపించేది. ఆ ఇంజనుకు ఏ రోగమూ లేదు. తాళం తిప్పితే రెండో గుక్కకు పలికేది. అయినా ఆ కారు నెలకొకసారి సబ్బుతో స్నానం చేసి ఇంటి పక్కన నిలబడటమే గానీ, ఎక్కడికీ పోయేది కాదు. దానికి కారణం లింగారావు భార్య తారాబాయి.

తారాబాయి నలభై ఐదు కిలోల మనిషి. మంథని ఆడపడుచు. మాట తక్కువ, చూపు సూటి. బతుకులో దేనికీ తలవంచని ఆ ఇల్లాలిని ఒకే ఒక్క శత్రువు ఓడించేది. బస్సు గానీ, జీపు గానీ, కారు గానీ ఎక్కితే, మూడో నిమిషానికి ఆమె నోట్లో నీళ్లూరేవి. ఐదో నిమిషానికి ముఖం పసుపు ముద్దలా పాలిపోయేది. ఆరో నిమిషం సంగతి వర్ణించడానికి సంస్కృతంలో మాటలున్నాయి గానీ, తినేవాళ్లు ఎవరైనా ఈ కథ వింటుంటారేమోనని ఆగవలసి వస్తోంది. పన్నెండేళ్ల కిందట రైలులో పెద్దపల్లి దాకా సుఖంగానే పోయి, అక్కడ మంథని బస్సెక్కి, సగం దారిలో దిగి, చెట్టు కింద గంట పడుకుని, వచ్చిన దారినే తిరిగి వచ్చింది. మళ్లీ పుట్టింటి దిక్కు పోలేదు.

ఈ స్థితిలో, వైశాఖానికి ఐదు నెలల ముందు, మంథని నుంచి తారాబాయి అక్క లీలాబాయి ఉత్తరం రాసింది. కూతురు జానకీబాయికి సంబంధం కుదిరింది, పెళ్లి వైశాఖ బహుళంలో అని. ఆ జానకి చిన్నప్పుడు, లీలాబాయి రోగంతో మంచాన పడ్డ నాలుగేళ్లూ, తారాబాయి దగ్గరే పెరిగింది. ఆమె చేతి ముద్దలు తిన్నది, ఆమె పక్కలో పడుకున్నది. ఉత్తరం చివర లీలాబాయి ఒక్క మాటే రాసింది: నువ్వు వస్తే నువ్వే పిల్లను మండపానికి తీసుకురావాలి, రాకపోతే పిల్ల ఒక్కతే నడిచి వస్తుంది, ఆ చెయ్యి నేను పట్టుకోను.

తారాబాయి ఉత్తరం మడిచి పోపుడబ్బా కింద పెట్టింది. ఆ పూట పప్పులో ఉప్పు రెండుసార్లు వేసింది. ఆ పప్పును మారుమాట్లాడకుండా తిన్న లింగారావు, తింటున్నంతసేపూ ఆలోచించి, చేయి కడుక్కునేటప్పటికి శత్రువు ఎవరో కనిపెట్టాడు. శత్రువు పెట్రోలు. ఆ వాసనే ఆమె కడుపును కలచివేస్తోంది. రైలు పడటానికి, బస్సు పడకపోవడానికి ఇంతకన్నా కారణం ఏముంటుంది?

మరునాడు పొద్దున అతను తారాబాయి ఎదుట, టీ గ్లాసు ఎడమ చేతికి మార్చుకుని కుడి చేయి ఎత్తి ప్రతిజ్ఞ చేశాడు.

"నీకు పడనిది బండి గాదు తారా, పెట్రోలు వాసన. బండిల పెట్రోలే లేకుంట జేస్త. ఎనిమిది వందల బ్యాటరీలను సాకినోణ్ని, నాలుగు బ్యాటరీలతోని ఒక్క కారును నడపలేనా? ఇంజను తీసి అండ్ల కరెంటు మోటరు పెడ్త. వైశాఖంల నువ్వు మంథనిల దిగెటప్పుడు నీ నోట్లె తమలపాకు ఉంటది, చేతుల నిమ్మకాయ ఉండది."

తారాబాయి అతని చేతిలో ఒలుకుతున్న టీ గ్లాసు అందుకుంది. "ఇంజను మంచిగనే ఉన్నది గద" అంది.

లోకంలో మహాకార్యాలన్నిటికీ మొదట్లో ఇట్లాంటి ఒక చిన్న నిజం అడ్డు వస్తుంది. మహాపురుషులు దాన్ని దాటిపోతారు. లింగారావు దాటిపోయాడు.

అతనికి సహాయంగా వచ్చినవాడు వాహెద్. మార్కెట్టులో బ్యాటరీలూ డైనమోలూ బాగుచేసే దుకాణం అతనిది. ఇంట్లో ఉర్దూ, దుకాణంలో తెలుగు, పాడైన స్టార్టరు మోటారు ముందు రెంటిలోనూ మౌనం. లింగారావు చెప్పింది అంతా విని, కారు నోరు తెరిచి ఇంజను వైపు చూసి, ఇంత మంచి ఇంజనును ఏ తప్పు చేసిందని తీయాలో తనకు అర్థం కావడం లేదన్నాడు. లింగారావు తారాబాయి సంగతీ, పెళ్లి సంగతీ చెప్పాడు. వాహెద్ బిస్మిల్లా అని పానా పట్టాడు. సాయంత్రానికి ఇంజను బయటికి వచ్చి, వరండాలో చెక్కల మీద కూర్చుంది.

ఇక మోటారు. హైదరాబాదు తుక్కు బజారులో వాహెద్ మూడు రోజులు తిరిగి, ఒకప్పుడు ఏదో గోదాములో మూటలు మోసిన బ్యాటరీ బండి తాలూకు మోటారు సంపాదించి, బస్సు టాపు మీద వేసుకుని వచ్చాడు. నల్లగా, గుండ్రంగా, పొట్టిగా, చెవులు కోసిన పందిపిల్లలా ఉన్న ఆ మోటారును చూసి లింగారావు కళ్లు చెమర్చాయి. తారాబాయి దానికి కుంకుమ బొట్టు పెట్టింది. ఆమెకు నమ్మకం ఉండి కాదు. ఇంటికి కొత్తగా వచ్చిన దేనికైనా పెడుతుంది.

మోటారును గేరుబాక్సుకు జతచేయడానికి నడుమ ఒక ఇనుప చక్రం కావాలి. ఆ చక్రం మంచిర్యాల లేతు మిషన్లో తయారైంది. బిగించి తిప్పితే కారు మొత్తం చలిజ్వరం వచ్చినట్టు వణికింది. వెంట్రుకంత తేడా ఉందని తేలింది. పద్నాలుగు కిలోల ఆ చక్రాన్ని గోనెసంచిలో చుట్టి, చంటిపిల్లలా ఒళ్లో పెట్టుకుని లింగారావు బస్సులో మంచిర్యాల పోయాడు. వచ్చాడు. మళ్లీ వణికింది. మళ్లీ పోయాడు. మూడోసారి కండక్టరు ఆ సంచి వంక జాలిగా చూసి, పిల్లకు ఒంట్లో ఎట్లా ఉందని అడిగాడు. లింగారావు, ఇప్పుడు కొంచెం నయం, వణుకు తగ్గింది అన్నాడు.

తరువాత బ్యాటరీలు. లారీల నుంచి దిగిన పాతవి నాలుగు. మూడు మంచివి. నాలుగోది చూడటానికి మిగతావాటికన్నా మెరుస్తూ, లోపల ద్రోహం దాచుకున్నది. అందులో యాసిడు నింపే ఒక గది ఎండి చచ్చిన సంగతి బరువు లాగితే తప్ప బయటపడదు. రెండింటిని ముందు మోటారు మీదా, రెండింటిని వెనక సీటు తీసేసిన చోటా కూర్చోబెట్టారు. యాసిడు చిందినప్పుడల్లా లింగారావు ప్యాంట్లు ఒక్కొక్కటే జల్లెడలయ్యాయి. డ్యాష్‌బోర్డు కింద, పిడి దించితే కరెంటు కలిసే మూడు కత్తి స్విచ్చులు బిగించారు. ఒకటో పిడి దించితే కరెంటు ఎర్రగా కాలే ఒక తీగచుట్ట గుండా తగ్గి పోతుంది, కారు మెల్లగా కదులుతుంది. రెండోది దించితే బ్యాటరీలు జంటలుగా లాగుతాయి, మనిషి పరుగెత్తినంత వేగం. మూడోది దించితే నాలుగూ ఒక్క వరసన నిలిచి లాగుతాయి. ఎంత వేగమో ఎవరికీ తెలియదు, ఎందుకంటే ఈ కథలో ఎవరూ ఆ పిడి దించలేదు.

ఈ యత్నమంతటినీ గోడ అవతలి నుంచి కైలాసం చూస్తూ వచ్చాడు. అతను గనిలో ఓవర్‌మన్, అంటే భూగర్భంలో వందమందిపై అధికారి. భూమి మీద లింగారావుపై వ్యాఖ్యాత. రోజూ పేపరు చేతపట్టి, ఇవాళ మంథనికి ఇంకెన్ని కిలోమీటర్లు తగ్గిందని అడిగేవాడు. అరవై ఎనిమిది ఉండె, ఇంక అరవై ఎనిమిదే ఉన్నదని లింగారావు ఒప్పుకునేవాడు.

ఫాల్గుణ మాసంలో ఒక మధ్యాహ్నం తొలి ప్రయోగం జరిగింది. లింగారావు స్టీరింగు ముందు ఆసీనుడై, మొదటి గేరు వేసి, మనసులో మంథనిని తలచుకుని, ఒకటో పిడి దించాడు. రథం కదిలింది. ఎదురుగా గేటు, గేటు అవతల వీధి, వీధి అవతల విశాల ప్రపంచం. వాటన్నిటికీ వీపు చూపిస్తూ రథం గంభీరంగా వెనక్కి నడిచి స్నానాలగది గోడను ఢీకొంది. గోడ పై సగం కూలి కైలాసం ఆవరణలో మంచం మీద ఎండుతున్న వడియాలపై పడింది.

లింగారావు చలించలేదు. తీగలు తారుమారయ్యాయని వెంటనే గ్రహించి, బ్యాటరీ దగ్గర ప్లస్సును మైనస్సుగా, మైనస్సును ప్లస్సుగా మార్చి, ధూళి దులుపుకుని మళ్లీ ఆసీనుడయ్యాడు. మళ్లీ పిడి దించాడు. రథం మళ్లీ వెనక్కే నడిచి గోడ కింది సగాన్ని కూడా కూల్చింది.

వాహెద్ గోడ ఇటుకలు దాటుకుంటూ కారు కిటికీ దగ్గరికి వచ్చాడు. "సార్, రివర్సు గేరుల నడిపితె ముందుకు పోతది గద" అన్నాడు మెల్లగా.

మంథని పెళ్లికి అరవై ఎనిమిది కిలోమీటర్లూ రివర్సు గేరులో పోవడం తన వంశానికి తగదని లింగారావు అన్నాడు. అప్పుడు వాహెద్ అసలు సంగతి చెప్పాడు. ఈ రకం మోటారుకు బ్యాటరీ తీగలు ఎటు మార్చినా తిరగడం ఒక దిక్కే. లోపలి రెండు చుట్టల్లో ఒకదాని తీగలు మాత్రమే మార్చాలి. స్టార్టరు మోటార్లు విప్పేవాళ్లకు ఇది మామూలు సంగతి, సార్‌కు తెలిసే ఉంటుందనుకున్నానన్నాడు.

లింగారావు కూలిన గోడ మీద కూర్చున్నాడు. "ఇరవై రెండేండ్లు దీపాలే జూసిన వాహెద్. దీపానికి ఎటు తీగ ఇచ్చినా వెలుగుతది. దానికి ముందటికి, ఎన్కకు ఉండది. గందుకే నేను పెద్ద తెలిసినోణ్ని అనుకున్న."

చరిత్రలో వీరులు ఇట్లాంటి మాటలు యుద్ధం ఓడిపోయాక అంటారు. లింగారావు సగంలోనే అన్నాడు. అది అతనిలోని విశేషం. తారాబాయి ఆ సాయంత్రమే మినప్పప్పు నానబోసింది, కైలాసం వాళ్లకు మళ్లీ రెండు కిలోల వడియాలు పెట్టి ఇవ్వడానికి.

తీగలు మార్చాక కారు ముందుకు నడిచింది. గేటు దాకా, మళ్లీ ఇంటి దాకా. అంతకు మించి పోనివ్వలేదు. తొలి ప్రయాణం తారాబాయితోనే కావాలని లింగారావు పట్టు. అట్లా వచ్చింది వైశాఖ శుద్ధ పంచమి. పెళ్లికి పదహారు రోజులు.

ఆ ఉదయం తారాబాయి జరీ అంచు చీర కట్టుకుంది. నిమ్మకాయ ఒకటి చేతిలో పట్టుకుంది గానీ లింగారావు దాన్ని సగౌరవంగా తీసుకుని కిటికీలో పెట్టాడు. కారు ముందు భాగం కడిగారు, పూలదండ వేశారు. వీధి మొగదలలో లింగవ్వ మిరపకాయ బజ్జీల బండి దాకా పోయి రావడం నాటి లక్ష్యం. ఇంటి గేటు నుంచి అక్కడికి ఆరు వందల నలభై అడుగులని లింగారావు అంతకు ముందే మూడుసార్లు నడిచి కొలిచాడు. వాహెద్ వెనక, బ్యాటరీల మధ్య ముడుచుకుని కూర్చున్నాడు. కైలాసం పేపరు మడిచి చంకన పెట్టుకుని గేటు దగ్గరికి వచ్చి నిలబడ్డాడు.

ఒకటో పిడి దిగింది. అప్పుడు, ఇంజను గర్జన లేక, పొగ లేక, కేవలం తుమ్మెదల గుంపు ఝంకారం వంటి సన్నని నాదంతో, శతాబ్దాల రథాశ్వగజతురగాది వాహన చరిత్రను వెక్కిరిస్తూ (రథమూ అశ్వమూ చెప్పాక తురగం మళ్లీ ఎందుకని పండితులు అడగవద్దు, వేగంలో పడిపోయింది) ఆ నీలిరంగు విద్యుద్రథం మూడవ వీధిలోకి అడుగుపెట్టింది. పిల్లలు గోలీలు ఆపి చూశారు. ఒక మేక పక్కకు జరిగింది. కైలాసం ఏమీ అనలేదు, ఐదు నెలల్లో అదే మొదటిసారి. లింగారావు ఛాతీ స్టీరింగును తాకింది.

వంద అడుగులు. నూట యాభై. అతను గర్వంగా పక్కకు తిరిగి చూశాడు.

ఈసారి ఐదో నిమిషం దాకా కూడా ఆగలేదు, తారాబాయి ముఖం అప్పుడే పసుపు ముద్దలా ఉంది. రెండు పెదవులూ బిగించి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కాళ్ల దగ్గరి రేకును చూస్తూ కూర్చుంది. నుదుటి మీద చెమట. పెట్రోలు చుక్క లేని బండి. వాసన అంటే ఆమె తలలోని మల్లెపూల వాసన ఒక్కటే.

లింగారావు గుండెలో ఏదో తీగ తెగింది. శత్రువు పెట్రోలు కాదు. ఎన్నడూ కాదు. ఐదు నెలలూ, నాలుగు ప్యాంట్లూ, ఒక గోడా, మూడుసార్లు ఒళ్లో మోసిన పద్నాలుగు కిలోల ఇనుమూ, అన్నీ ఒక అమాయకురాలైన పెట్రోలు మీద చేసిన యుద్ధం. ఇక్కడ ఒక దీర్ఘ సమాసం పడవలసిన చోటు. పడటం లేదు. అతనికి ఏడుపు వచ్చినంత పనైంది, అంతే.

సరిగ్గా అప్పుడే రెండు వందల పదో అడుగు దగ్గర, వీధికి అడ్డంగా పారే మోరీ మీది కల్వర్టు వచ్చింది. జానెడు ఎత్తు. కానీ ఆ జానెడు ఎక్కే బరువు మీద పడగానే నాలుగో బ్యాటరీ తన నిజస్వరూపం చూపించింది. తీగచుట్ట ఎర్రగా మండింది. తుమ్మెదల ఝంకారం మూలుగయ్యింది. రథం కల్వర్టు నడిమిట్ట మీదికి ఎక్కలేక, ముందు చక్రాలు పైన, వెనక చక్రాలు కింద, నిలబడిపోయింది.

తాను దిగుతానని తారాబాయి సైగ చేసింది. వెనక నీళ్ల ట్యాంకరు వచ్చి ఆగి హారను మోగిస్తోంది. ముందు కారును మోరీ దాటించాలి. వాహెద్ దిగాడు. తొంభై రెండు కిలోల లింగారావు దిగితే బండి నాలుగు వేళ్లు పైకి లేచింది. ఇద్దరూ తోయాలి. మరి స్టీరింగు ఎవరు పట్టుకోవాలి? మిగిలినది నలభై ఐదు కిలోల మనిషి ఒక్కతే.

"తారా, జర ఇటు జరిగి స్టీరింగు పట్టుకో. అర నిమిషం. ఒకటో పిడి దించు, మేం తోస్తం. మోరీ దాటంగనే పిడి ఎత్తి దిగిపో. నిన్ను ఇంక దీంట్ల ఎక్కియ్య, ఒట్టు."

తారాబాయి కొంగు నోటి నుంచి తీసి నడుముకు దోపింది. జరిగి కూర్చుంది, ఆ పిడులూ బ్రేకూ ఐదు నెలలుగా వాకిట్లో చూస్తున్నవే. రెండు చేతులా స్టీరింగు పట్టుకుని, ముందు అద్దంలోంచి మూడవ వీధిని ఈ చివర నుంచి ఆ చివరకు చూసింది. పిడి దించింది. వెనక ఇద్దరు వీరులు భుజాలు ఆనించి తోశారు. రథం మూలిగి, కదిలి, మిట్ట ఎక్కి, దిగింది.

దిగింది, పోయింది. లింగారావు పిడి ఎత్తమని చెబుతూనే ఉన్నాడు. తారాబాయి పిడి ఎత్తలేదు. కొంచెం దూరం పోయాక రెండో పిడి దించింది.

భర్త బరువూ వాహెద్ బరువూ లేని ఆ కారు, నాలుగో బ్యాటరీ ద్రోహాన్ని కూడా మన్నించి, పరుగందుకుంది. వెనక లింగారావు పరుగెత్తాడు. మొదటి యాభై అడుగులు భయంతో, తరువాతి యాభై ఆశ్చర్యంతో, ఆ తరువాత ఏ భావమూ లేకుండా ఊపిరి కోసం. వాహెద్ అతన్ని దాటి పోయి, మర్యాద గుర్తొచ్చి మళ్లీ వెనక నడిచాడు. వీధి మధ్య ఒక ఆవు పడుకుని ఉంది. తారాబాయి హారను కొట్టింది. ఐదు నెలల్లో ఎవరూ తాకని ఆ హారను ఒక్కటే ఆ కారులో తొలినుంచీ మంచిగా పనిచేస్తున్నది. ఆవు లేచింది. కారు దాన్ని చుట్టి, సైకిళ్లను తప్పించుకుని, నేరుగా లింగవ్వ బజ్జీల బండి పక్కన పోయి నిలిచింది. ఆమె బ్రేకు వేసి ఆపిందా, బ్యాటరీలు అయిపోయి అదే ఆగిందా అన్నది ఈనాటికీ తేలలేదు. ఆమె బ్రేకు అంటుంది.

లింగారావు చేరుకునేటప్పటికి తారాబాయి కారు దిగి నిలబడి ఉంది. ముఖంలో పసుపు లేదు. వేలితో జుట్టు సరిచేసుకుంటోంది. అతను రొప్పుతూ బానెట్టు మీద చేయి ఆనించాడు.

"ఆకలైతంది" అంది తారాబాయి.

బండెక్కి దిగాక మంచినీళ్లు కూడా పడని మనిషి నోట, ఇరవై నాలుగేళ్ల కాపురంలో అతను ఆ మాట వినలేదు. కడుపులో తిప్పడం లేదా అని అడిగాడు.

"తిప్పలే. మీ పక్కన కూసున్నప్పుడు పానం పోయినట్టే అయ్యింది. స్టీరింగు పట్టుకున్నంక బందయ్యింది. ముందట తొవ్వ సూసుకుంట పోతె ఏం గాలే."

వాహెద్ తల గోక్కున్నాడు. "నాకు గుడ గంతే సార్. బస్సుల కూసుంటె తల తిరుగుతది. నేను నడిపితె ఏం గాదు. గీ ముచ్చట నాకు యాదికే రాలే."

లింగారావు అతని వంక చూసిన చూపులో కోపం లేదు. కోపానికి కావలసిన ఊపిరి లేదు. ముగ్గురూ లింగవ్వ బల్ల మీద కూర్చున్నారు. లింగవ్వ పేపరు ముక్కల్లో బజ్జీలు పెట్టి ఇచ్చింది. తారాబాయి ఒకటి తిన్నది. రెండోది తిన్నది. మూడోది చేతిలో పట్టుకుని, ఎంతో మామూలుగా, పాత ఇంజను తిరిగి ఎక్కించడానికి ఎన్ని రోజులు పడుతుందని వాహెద్‌ను అడిగింది. వాహెద్ లింగారావు వైపు చూశాడు.

అసలు యుద్ధం ఆ బల్ల మీద జరిగింది. ఒక పక్క, అతని ఐదు నెలల మోటారు, మూడు పిడులు, దేశంలో ఎవరి ఇంట్లోనూ లేదని అతను నమ్మిన విద్యుద్రథం. ఇంకో పక్క, అరవై ఎనిమిది కిలోమీటర్ల అవతల మండపానికి ఒక్కతే నడిచి రాబోతున్న పిల్ల. చేతిలో బజ్జీ చల్లారుతోంది. అతను బజ్జీ వైపు చూశాడు, కారు వైపు చూశాడు, తారాబాయి వైపు చూడకుండా చెప్పాడు.

"నాలుగు రోజులు. నేను సెలవు పెడ్త. మంచిర్యాలల నీకు లర్నింగు లైసెన్సు గుడ తీద్దాం. మిగిలిన పన్నెండు రోజులల్ల మంచిగ నేర్సుకుంటవు. మంథనికి నువ్వే నడుపు, నేను పక్కన కూసుంట."

తారాబాయి మూడో బజ్జీ తినడం ఆపింది. "మీరు గీ కరెంటు బండి జేసిన్రు గావట్టె నేను ఎక్కిన. గది మోరీ మీద ఆగింది గావట్టె స్టీరింగు పట్టుకున్న. మంచిగ నడిచె బండైతె ఈ జన్మల నేను గా సీట్ల కూసోకపోదును."

ఇంతకన్నా గొప్ప ప్రశంసాపత్రం లింగారావు జీవితంలో అందుకోలేదు. నడవని బండి చేసినందుకు మెచ్చుకోలు పొందిన శిల్పి లోకంలో అతనొక్కడే అయి ఉంటాడు. అతను బజ్జీ తిన్నాడు. కారంగా ఉండటం వల్ల కళ్లలో నీళ్లు తిరిగాయని అన్నాడు, ఎవరూ కాదనలేదు.

తిరుగు ప్రయాణంలో తారాబాయి స్టీరింగు పట్టుకుంది. లింగారావు, వాహెద్ వెనక నుంచి తోశారు. మోరీ దగ్గర భుజం చాలకపోతే కైలాసం వచ్చి, పేపరు నేల మీద పెట్టి, మూడో భుజం ఆనించాడు.

ఈ గాథ విన్నవారి బ్యాటరీల్లో నీళ్లు తగ్గకుండుగాక. చదివినవారి గోడలు నిలిచి ఉండుగాక. చెప్పినవాడికి సమాసాల మధ్య ఊపిరి ఆడుగాక. మందమర్రి గని క్వార్టర్ల మూడవ వీధిలో, ఆరు వందల నలభై అడుగుల ఘోర సంగ్రామంలో, రెండు వందల పది అడుగులు పక్క సీటులో ఓడి, నాలుగు వందల ముప్పై అడుగులు స్టీరింగు పట్టి గెలిచి, తారాబాయి ఆనాడు నాలుగు మిరపకాయ బజ్జీలు తిన్నదని సకల జనులకూ తెలియజేయడమైనది. ఆ నాలుగూ కడుపులోనే నిలిచాయి.